సాక్సుల్లోనూ సోకులున్నాయ్!

చొక్కా ఎంచుకోవడానికి గంట, ప్యాంటుకి అరగంట, బూట్లకి పావుగంట... మరి మేజోళ్లకి? బిల్లు కట్టే కౌంటరు దగ్గర వేలాడుతున్న నల్ల జత ఒకటి లాగి బుట్టలో పడేయడమే! మగవారి దుస్తుల్లో ఇంత చిన్నచూపుకి గురైంది మరొకటి లేదేమో. నిజానికి గళ్లూ, చుక్కలూ, చారలూ ఉన్న సాక్సుల వెనక వందల ఏళ్ల చరిత్ర ఉంది. వేసుకోవడానికో లెక్క ఉంది. కాస్త మర్యాదా ఉంది. ఆ కబుర్లే ఇవి.

పెళ్లి రిసెప్షన్. ముదురు నీలం సూటూ, తళతళలాడే నల్ల బూట్లతో పెళ్లికొడుకు బాబాయి దర్జాగా వచ్చాడు. సోఫాలో కూర్చుని కాలు మీద కాలు వేసుకోగానే ప్యాంటు నాలుగు వేళ్లు పైకి జరిగింది. కింద చూస్తే... పిల్లాడి స్కూలు యూనిఫాంలోంచి ఎత్తుకొచ్చినట్టు తెల్లటి సాక్సులు! సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫరు క్లిక్‌మనిపించాడు. ఇక ఆల్బమ్‌లో ఆ సూటు ఎన్నాళ్లుంటుందో ఆ సాక్సులూ అన్నాళ్లుంటాయి.

'ఎవరు చూస్తార్లే' అనుకోవడంలోనే ఉంది చిక్కంతా. నిలబడి ఉన్నంతసేపూ సాక్సులు కనిపించవు, నిజమే. కానీ ఆఫీసులోనైనా, ఇంటర్వ్యూలోనైనా, రైల్లోనైనా మనం ఎక్కువసేపు ఉండేది కూర్చునే. పైగా మనది గడప దగ్గరే చెప్పులు విప్పే సంప్రదాయం. పెళ్లిచూపులకు వెళ్లినా, గృహప్రవేశానికి వెళ్లినా, గుడికి వెళ్లినా వేలు పోసి కొన్న బూట్లు బయటే ఉండిపోతాయి. మనతోపాటు లోపలికి నడిచేవి మేజోళ్లే!

ఈ సంగతి ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడికి కూడా ఒకసారి గట్టిగానే తెలిసొచ్చింది. 2007 జనవరిలో అప్పటి అధ్యక్షుడు పాల్ వొల్ఫోవిట్జ్ టర్కీ వెళ్లారు. ఎడిర్నె నగరంలోని ప్రసిద్ధ సెలిమియే మసీదు చూడ్డానికి వెళ్లి ద్వారం దగ్గర బూట్లు విప్పారు. అంతే... రెండు సాక్సుల్లోంచీ రెండు బొటనవేళ్లు బయటికి తొంగిచూశాయి! దేశదేశాలకు అప్పులిచ్చే పెద్దమనిషి చిరుగుల సాక్సుల ఫొటో మర్నాటికల్లా ప్రపంచమంతా తిరిగొచ్చింది. జాలిపడిన టర్కీ సాక్సుల తయారీదారులు ఆయనకు కొత్త జతలు కానుకగా ఇచ్చారు.

పదిహేడు వందల ఏళ్లనాటి చారలు

రంగురంగుల సాక్సులు ఈకాలం కుర్రాళ్ల ఫ్యాషనని చాలామంది అనుకుంటారు. కానే కాదు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఓ బుల్లి సాక్సు ఉంది. ఈజిప్టులోని ఆంటినూపోలిస్ అనే పాత నగరపు చెత్తకుప్పలో దొరికింది. దాని వయసు సుమారు పదిహేడు వందల ఏళ్లు. ఎవరో చిన్నారి ఎడమ కాలిది. చెప్పులో ఇమిడేలా బొటనవేలు ఒకవైపూ, మిగతా వేళ్లు ఒకవైపూ వచ్చేట్టు అల్లారు. మరి రంగు? ఒకటి కాదు... చారలు చారలుగా బోలెడు!

2018లో మ్యూజియం శాస్త్రవేత్తలు ఆ సాక్సును తాకకుండా, రకరకాల కాంతుల్లో ఫొటోలు తీసి పరిశీలించారు. మంజిష్ఠ జాతి వేరు నుంచి ఎరుపు, వోడ్ అనే మొక్క ఆకుల నుంచి నీలం, వెల్డ్ అనే మొక్క నుంచి పసుపు... ఈ మూడింటినే కలిపీ, ఒకదాని మీద ఒకటి అద్దీ అన్ని రంగులు తెప్పించారని తేలింది. చిట్టి పాదాల కోసం అప్పటి అల్లికవారు అంత శ్రద్ధ పెట్టారన్నమాట!

తర్వాత చాలా శతాబ్దాల పాటు ఐరోపాలో మేజోళ్లంటే దొరల సొత్తు. మోకాలి దాకా నిక్కర్లు తొడిగే ఆ రోజుల్లో కాళ్లకు పట్టు మేజోళ్లే అందం. వాటిని చేత్తో ఒక్కో కుట్టూ వేసి అల్లేవారు. 1589లో ఇంగ్లండ్‌లోని కాల్వర్టన్‌కు చెందిన విలియం లీ అనే మతబోధకుడు మేజోళ్లు అల్లే యంత్రాన్ని కనిపెట్టాడు. సంబరంగా మొదటి ఎలిజబెత్ రాణికి చూపించి పేటెంట్ అడిగితే ఆమె ఇవ్వనంది. చేతి అల్లిక మీద బతికే పేదల నోటి దగ్గర కూడు పోతుందని ఆమె భయమట. విలియం లీ ఫ్రాన్స్ వెళ్లి అక్కడి రాజు అండతో నిలదొక్కుకోబోతే ఆ రాజు కాస్తా 1610లో హత్యకు గురయ్యాడు. పాపం, తన యంత్రం గొప్పదనం లోకం గుర్తించకుండానే లీ కన్నుమూశాడు. అతని యంత్రం మాత్రం బతికింది. ఇంగ్లండ్ అల్లిక పరిశ్రమకు అదే పునాది అయింది.

స్కాట్లాండ్ గళ్లు

నమూనాల సాక్సుల్లో రారాజు ఏదంటే కళ్లు మూసుకుని చెప్పొచ్చు... ఆర్గైల్. పేరు తెలియకపోయినా చూడగానే గుర్తుపడతాం. నిలువుగా నిలబెట్టిన డైమండ్లు, వాటి మీదుగా ఏటవాలుగా సాగే సన్నటి గీతలు. పేకముక్కల్లో డైమండ్ ఆసుల్ని వరసగా పేర్చి మీద దారంతో అల్లినట్టు ఉంటుంది.

దీని పుట్టిల్లు స్కాట్లాండ్ పశ్చిమ తీరంలోని ఆర్గైల్ ప్రాంతం. అక్కడి క్యాంప్‌బెల్ వంశస్థుల గళ్ల వస్త్రం నుంచి ఈ నమూనా వచ్చిందంటారు. అక్కడ ఒక్కో వంశానికీ ఒక్కో గళ్ల వస్త్రం ఉండటం ఆనవాయితీ. కొండ ప్రాంతాల మగవారు కుచ్చిళ్ల కిల్టు కట్టుకుని, అదే గుడ్డను ఏటవాలుగా కత్తిరించి కాళ్లకు మేజోళ్లుగా కుట్టించుకునేవారు. గళ్ల గుడ్డను ఏటవాలుగా తిప్పితే ఏమవుతుంది? చదరాలు కాస్తా డైమండ్లవుతాయి. అదీ కిటుకు!

అయితే ఈ గళ్లు కొండలు దిగి లోకమంతా పాకడానికి కారణం గోల్ఫ్. 1920ల్లో ఇంగ్లండ్ యువరాజుగా ఉన్న ఎడ్వర్డ్... తర్వాత సింహాసనం వదులుకుని డ్యూక్ ఆఫ్ విండ్సర్ అయినాయన... గోల్ఫ్ మైదానంలో గళ్ల స్వెట్టర్లూ, గళ్ల మేజోళ్లూ వేసేవాడు. మోకాలి కింద దాకా ఉండే వదులు నిక్కర్లలో మేజోళ్లు మొత్తం కనిపించేవి. యువరాజు వేశాక ఇంకేముంది? స్కాట్లాండ్‌లో 1815లో మొదలైన ప్రింగిల్ వంటి అల్లిక సంస్థలు ఆ గళ్లను ఇంటింటికీ చేర్చాయి.

మన కళ్లకు ఇదేమీ కొత్త కాదు. పోచంపల్లి ఇక్కత్ చీరల్లో డైమండ్లు లేవూ? వాకిట్లో అమ్మ పెట్టే చుక్కల ముగ్గులో ఏటవాలు గీతలు లేవూ? చీర మీద మెచ్చుకున్నదాన్ని కాలి మీద చూసి కంగారుపడక్కర్లేదు.

చుక్కా... చారా... చేపముల్లా?

ఆర్గైల్ ఒక్కటే కాదు. దశాబ్దాలుగా నిలిచిన నమూనాలు ఇంకో అరడజను ఉన్నాయి. ఫ్యాషన్లు మారినా ఇవి పాతబడవు.

పిన్ డాట్: గుండుసూది తలంత చుక్కలు. దూరం నుంచి చూస్తే సాదా సాక్సే. దగ్గరికొస్తేనే చుక్కలు కనిపిస్తాయి. మొదటిసారి నమూనా సాక్సులు వేసేవారికి ఇంతకన్నా మంచి మొదలు లేదు.

బర్డ్స్ ఐ: పిట్ట కన్నంత సన్నటి చుక్కలు దగ్గర దగ్గరగా అల్లుకుని ఉంటాయి. రెండు రంగుల దారాలు కలిసిపోయి మూడో రంగులా కనిపించడం దీని ప్రత్యేకత. ఆఫీసుకి చక్కగా నప్పుతుంది.

హెరింగ్‌బోన్: హెరింగ్ అనే చేప వెన్నుముల్లులా వంపు తిరిగే సన్నటి గీతలు. బూడిద రంగు సూటు మీదకు బాగుంటుంది.

హౌండ్స్ టూత్: వేటకుక్క పన్నులా మొనదేలిన గళ్లు. కాస్త గడుసుదనం ఉన్న నమూనా. సూటు కన్నా బ్లేజరు మీదకు మేలు.

చారలు: నిలువు చారలు సన్నగా ఉంటే మర్యాదగా ఉంటాయి. అడ్డ చారలు వెడల్పయ్యే కొద్దీ అల్లరి పెరుగుతుంది. వాటిని సెలవు రోజులకి దాచుకోవచ్చు.

క్లాక్: పేరు గడియారమే కానీ బొమ్మ గడియారం కాదు. చీలమండ పక్కన నిలువుగా పైకి సాగే సన్నటి అలంకారపు కుట్టు. పదహారో శతాబ్దం నుంచీ ఉంది. నల్ల సాక్సు తప్ప మరొకటి వేయనని భీష్మించే నాన్నగారికి కూడా ఇది నచ్చుతుంది.

ప్యాంటుకే చుట్టం

ఏ ప్యాంటు మీదకు ఏ సాక్సు? చాలామంది సాక్సుల్ని బూట్ల రంగుతో కలపాలని చూస్తారు. అసలు సూత్రం వేరే. సాక్సు బూటుకి కాదు, ప్యాంటుకి చుట్టం! ప్యాంటు రంగూ, సాక్సు రంగూ ఒకే కుటుంబానివైతే చూపు నడుం నుంచి బూటు దాకా ఎక్కడా ఆగకుండా జారిపోతుంది. కాలు పొడుగ్గా కనిపిస్తుంది. మధ్యలో తెల్ల సాక్సో, లేత రంగు సాక్సో వచ్చిందా... కాలిని అక్కడ కోసినట్టే.

నమూనా సాక్సుకి రెండు రకాల రంగులుంటాయి. వెనక పరుచుకున్న నేల రంగు ఒకటి, దాని మీద చుక్కో చారో ఉన్న రంగు ఇంకొకటి. నేల రంగు ప్యాంటుతో కలవాలి. ప్యాంటు కన్నా ఒక మెట్టు ముదురైతే ఇంకా మంచిది. పైనున్న రంగు ఒంటి మీద మరెక్కడో ఉండాలి... టైలోనో, చొక్కా చారలోనో, జేబురుమాల్లోనో. ఈ ఒక్క లెక్క తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

నేవీ బ్లూ ప్యాంటుకి అదే రంగు నేల మీద మెరూన్ లేదా తెల్ల పిన్ డాట్లు. బూడిద రంగుకి ముదురు బూడిద నేల మీద వైన్ రంగు చారలు. ఖాకీ, గోధుమ రంగులకు చాక్లెట్ లేదా ముదురాకుపచ్చ నేల మీద ఆర్గైల్. నల్ల ప్యాంటుకి నలుపు నేల మీద బూడిద బర్డ్స్ ఐ లేదా క్లాక్. ఇక జీన్స్‌కి అడ్డే లేదు.

ఇంకో మాట. చొక్కా గళ్లది, టై చుక్కలది, సాక్సు డైమండ్లది... మూడూ గట్టిగా మాట్లాడితే వినేవాళ్లకు తలనొప్పే! ఒకటి గొంతు పెంచితే మిగతావి తగ్గాలి. బట్ట ఎంత నున్నగా ఉంటే నమూనా అంత చిన్నదిగా ఉండాలి. సూటుకి చుక్క, బ్లేజరుకి గళ్లు... ఇలా గుర్తుపెట్టుకోండి.

సందర్భం కూడా చూడాలి. పరామర్శకు వెళ్లేటప్పుడూ, కోర్టుకో ముఖ్యమైన ఇంటర్వ్యూకో వెళ్లేటప్పుడూ సాదా సాక్సే మర్యాద. బో టై కట్టే విందులకు నలుపు తప్ప మరొకటి వద్దు. తెల్లవి ఆటలకీ, యూనిఫాంకీ సరిపోతాయి.

పొడవెంత? పాళ్లెంత?

అందం సంగతి సరే. కాలికి హాయిగా ఉండాలి కదా! ముందు పొడవు చూడండి. కాలు మీద కాలేసినా చర్మం కనిపించకపోవడమే మంచి సాక్సుకి గుర్తు. పిక్క మధ్యదాకా వచ్చే రకం నడిచే కొద్దీ కిందికి జారుతుంది. పిక్క దాటి మోకాలి కింద నిలిచే రకం జారదు. ఎలాస్టిక్ లేని రోజుల్లో మగవారు సాక్సులు జారకుండా పిక్కలకు పట్టీలు కట్టుకునేవారు. 1930ల్లో నైలాన్ పుట్టడం, 1958లో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ సాగే దారాన్ని తయారుచేయడంతో ఆ పట్టీల బాధ తప్పింది. మనం లైక్రా అనేది దాన్నే.

మన ఎండలకు నూలు ఎక్కువున్న సాక్సులే సుఖం. అలాగని నూటికి నూరుపాళ్లూ నూలైతే త్వరగా వదులైపోతాయి, మడమ దగ్గర అరుగుతాయి. నూలు మూడొంతులకు పైగా, మిగతాది నైలాన్, రెండు మూడు పాళ్లు సాగే దారం... ఇది మంచి కలగలుపు. 'మెర్సరైజ్డ్' అని రాసుంటే దారాన్ని ప్రత్యేకంగా శుద్ధి చేశారని అర్థం. నూలుకి పట్టులాంటి మెరుపొస్తుంది, రంగు నిలుస్తుంది. మెరినో ఉన్ని పేరు విని బెదరక్కర్లేదు. సన్నటి మెరినో చెమటను పీల్చుకుంటుంది, వాసనను త్వరగా పట్టనివ్వదు. రోజంతా ఏసీలో ఉండేవారికి బాగుంటుంది.

అసలు వాసన ఎందుకొస్తుంది? మన రెండు పాదాల్లో కలిపి సుమారు రెండున్నర లక్షల స్వేద గ్రంథులుంటాయి. చెమటకు దానంతటదిగా పెద్దగా వాసన ఉండదు. బూటు లోపలి చీకట్లో బ్యాక్టీరియా ఆ చెమటనూ, చర్మపు పొట్టునూ తిని వదిలే రసాయనాలదే ఆ ఘాటు. అందుకే ఎంత ఖరీదైన సాక్సయినా ఒక్కరోజే. రెండో రోజు వేసుకున్నారా... ఇంట్లోవాళ్లకు అగ్నిపరీక్షే!

తిరగేసి చూడండి

నమూనా సాక్సు కొనేముందు ఒక్కసారి తిరగేసి చూడండి. లోపల రంగు దారాలు పొడుగ్గా వేలాడుతున్నాయా? వేసుకునేటప్పుడు వేలిగోరు వాటిలో చిక్కుకుంటుంది. లాగితే బయటి బొమ్మ చెదిరిపోతుంది. మంచి ఆర్గైల్‌లో ఒక్కో రంగు గడినీ విడివిడిగా అల్లుతారు. లోపల కూడా బొమ్మ శుభ్రంగా కనిపిస్తుంది.

వేళ్ల దగ్గర కుట్టును తడిమి చూడండి. తాడులా ఉబ్బి ఉంటే బూటులో గుచ్చుకుంటుంది. చదునుగా ఉంటే మంచిది. పైపట్టీని సాగదీసి వదలండి. వెంటనే యథాస్థానానికి రావాలి. సాగదీసినప్పుడు బొమ్మ మధ్యలోంచి తెల్ల దారం బయటపడితే కాలికెక్కాక కూడా అలాగే కనిపిస్తుంది. ఇక 'ఫ్రీ సైజ్' అందరికీ సరిపోదు. చిన్నదైతే బొటనవేలు దగ్గర చిరుగుతుంది. పెద్దదైతే మడత పడి పొక్కులొస్తాయి.

ఉతకడంలోనూ కాస్త ఒడుపుంది. లోపలి వైపు బయటికి తిప్పి చల్లటి నీళ్లలో ఉతకాలి. అలాగైతే చెమట పోతుంది, బయటి బొమ్మ నూలు రేగదు. వాషింగ్ మెషీన్లో అయితే జాలీ సంచిలో వేస్తే జత తప్పిపోదు. బ్లీచింగ్ జోలికి పోతే ఎలాస్టిక్ చచ్చిపోతుంది. నీడలో, వేళ్ల వైపు క్లిప్పు పెట్టి ఆరేయాలి. పైపట్టీకి క్లిప్పు పెడితే తడి బరువుకి సాగిపోతుంది. చిన్న చిల్లు పడితే లోపల బంతిలాంటిది పెట్టి, అదే రంగు దారంతో అడ్డంగా నిలువుగా నేసినట్టు రఫ్ఫు చేయొచ్చు.

మధుమేహం ఉంటే...

సోకుల కన్నా ముందు చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. మధుమేహం ఉన్నవారిలో కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. సాక్సు మడత పడినా, లోపల చిన్న రాయి ఉన్నా, కుట్టు ఒరుసుకుని పుండు పడినా తెలియదు. చిన్న పుండే పెద్ద ముప్పుగా మారొచ్చు. అందుకే వారు పైపట్టీ బిగుతుగా లేని, లోపల కుట్లు తగలని, మెత్తటి సాక్సులే వేసుకోవాలి. ముదురు రంగుల కన్నా లేత రంగువి మేలు. పుండు నుంచి రక్తమో, రసో కారితే మరక వెంటనే కనిపిస్తుంది. నమూనా మీద మనసైతే లేత నేల మీద చిన్న చుక్కలున్నవి తీసుకోవచ్చు. రాత్రి సాక్సులు విప్పగానే పాదాల్ని అడుగుభాగంతో సహా చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. వంగలేని పెద్దవాళ్లకు ఇంట్లోవాళ్లే చూడాలి. కాళ్లవాపు, రక్తనాళాల సమస్య ఉంటే ఏ సాక్సులు వేయాలో డాక్టరే చెప్పాలి.

అధ్యక్షుడి 'కాలి' కబుర్లు

సాక్సులతో ముచ్చట్లు చెప్పిన నాయకులూ ఉన్నారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జార్జ్ హెచ్.డబ్ల్యూ. బుష్ చివరి ఏళ్లలో చక్రాల కుర్చీలో ఉన్నా కాళ్లకు మాత్రం రోజూ పండగే. 2018 ఏప్రిల్‌లో భార్య బార్బరా అంత్యక్రియలకు పుస్తకాల బొమ్మలున్న సాక్సులు వేసుకొచ్చారు. అక్షరాస్యత కోసం ఆమె జీవితమంతా పనిచేశారు మరి. అదే ఏడాది నవంబరులో 94 ఏళ్ల వయసులో బుష్ కన్నుమూస్తే... కుర్రతనంలో నౌకాదళ పైలట్‌గా పనిచేసిన ఆయన్ని విమానాల బొమ్మలున్న సాక్సులతోనే సాగనంపారు. కెనడా ప్రధానిగా ఉన్నప్పుడు జస్టిన్ ట్రూడో కూడా విదేశీ నేతల్ని కలిసేటప్పుడు స్టార్‌వార్స్ బొమ్మల సాక్సులతో వార్తల్లోకెక్కారు.

బుష్ వేసుకున్న మరో జత వెనక ఇంకో కథ ఉంది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో జాన్ క్రోనిన్ అనే యువకుడున్నాడు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. చదువు ముగిసే వేళకు తగిన ఉద్యోగం కనిపించలేదు. 'నాన్నా, మనిద్దరం కలిసి వ్యాపారం చేద్దాం' అన్నాడు. ఏం చేద్దాం? తిండి బండి పెడదామంటే ఇద్దరికీ వంట రాదు! జాన్‌కి చిన్నప్పటి నుంచీ చిత్రవిచిత్రమైన సాక్సులంటే ప్రాణం. అవే అమ్ముదామన్నాడు. 2016 డిసెంబరులో తండ్రి మార్క్‌తో కలిసి 'జాన్స్ క్రేజీ సాక్స్' మొదలుపెట్టాడు. ఇప్పుడు అందులో తనలాంటి ఎందరికో ఉద్యోగాలిచ్చాడు. 2018 మార్చి 21న బుష్ వేసుకున్నది జాన్ పంపిన డౌన్ సిండ్రోమ్ సూపర్ హీరో సాక్సులే.

ఆ తేదీకి అర్థముంది. మన కణాల్లో క్రోమోజోములు జతలుగా ఉంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడుంటాయి. అందుకే మూడో నెల, ఇరవై ఒకటో తేదీ. ఐక్యరాజ్యసమితి 2012 నుంచి దీన్ని ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినోత్సవంగా పాటిస్తోంది. సూక్ష్మదర్శినిలో క్రోమోజోములు చూడ్డానికి సాక్సుల్లాగే ఉంటాయి. అందుకని ఆ రోజున పిల్లలూ పెద్దలూ జత కలవని రంగురంగుల సాక్సులు వేసుకుని బడులకూ, ఆఫీసులకూ వెళ్తారు.

జత తప్పిన సాక్సులు ఏ ఇంటి బీరువాలో లేవు? ఈసారి మార్చి 21న వాటికి పని చెప్పండి. ఒక కాలికి గళ్లు, ఒక కాలికి చుక్కలు. దార్లో ఎవరో ఒకరు ఆగి 'అదేంటండీ, అలా వేసుకున్నారు?' అని అడగకపోరు. అడిగినప్పుడు చెప్పండి... మూడో క్రోమోజోముతో పుట్టిన పిల్లలు కూడా మన పిల్లలే అని.